పొద్దున్న పెడితే... రాత్రికి మీట్‌లోఫ్!

కుక్కర్ మూడు కూతలు కూస్తే పప్పు ఉడికినట్లు. ఆరు కూస్తే మాంసం మెత్తబడినట్లు. తెలుగింటి వంటగదిలో కాలాన్ని కొలిచేది గడియారం కాదు, విజిల్. అలాంటి ఇంటి నుంచి అమెరికా వెళ్లి కొడుకింట్లోనో కూతురింట్లోనో ఆర్నెల్లు ఉండొచ్చే పెద్దవాళ్లకు అక్కడి వంటగదిలో ఒక వస్తువు మహా వింతగా తోస్తుంది. కోలగా, బరువుగా ఉండే పింగాణీ గిన్నె. దానిమీద గాజుమూత. ముందువైపు ఓ మీట. పొద్దున్న ఎనిమిదింటికి ఆ మీట తిప్పేసి అందరూ ఆఫీసులకూ స్కూళ్లకూ వెళ్లిపోతారు. కూత లేదు, పొంగు లేదు. గిన్నె దగ్గర మనిషే ఉండరు. సాయంత్రం ఆరింటికి తలుపు తీసేసరికి మాత్రం ఇల్లంతా ఘుమఘుమ!

అదే స్లో కుక్కర్. అందులో అమెరికన్లు వండుకునే వంటల్లో ఒకటి మీట్‌లోఫ్. లోఫ్ అంటే బ్రెడ్డు దిమ్మ. కైమాలో గుడ్లూ, పాలల్లో నానేసిన బ్రెడ్డూ, ఉల్లిపాయ ముక్కలూ కలిపి, బ్రెడ్డు దిమ్మలా చేసి, పైన తియ్యటి టొమాటో కెచప్ పూసి వండేదే మీట్‌లోఫ్. ముక్కలుగా కోసి, మెదిపిన బంగాళాదుంపలతోనో ఉడికించిన చిక్కుళ్లతోనో వడ్డిస్తారు. చూడటానికి ఏమంత అందంగా ఉండదు. పెద్ద హోటళ్ల మెనూల్లో పెద్దగా కనిపించదు. కానీ అక్కడ పెరిగినవాళ్లను ‘మీ అమ్మ వంటల్లో ఏది గుర్తుంది?’ అని అడిగితే చాలామంది నోట మొదట వచ్చే రెండుమూడు పేర్లలో ఇదొకటి. మన ముద్దపప్పు లాంటిదన్నమాట. (ఇదే పేరుతో ఓ రాక్ గాయకుడు కూడా ఉండేవాడు. 1977లో వచ్చిన ఆయన ఆల్బమ్ కోట్లలో అమ్ముడైంది. చిన్నప్పుడు పెట్టిన ముద్దుపేరు చివరిదాకా అలాగే ఉండిపోయింది. ఆయన 2022లో కన్నుమూశాడు.)

కొంచెం మాంసం... కుటుంబమంతటికీ!

మీట్‌లోఫ్ పుట్టింది రుచికోసం కాదు, పొదుపు కోసం. కైమాలో బ్రెడ్డు కలపడం పాత సంగతే. ప్రాచీన రోమన్ల వంటల పుస్తకంగా పేరున్న ఎపీషియస్‌లో ద్రాక్షసారాలో నానేసిన బ్రెడ్డును కైమాతో కలిపే వంటకం ఉంది. జర్మన్లు కైమా దిమ్మ మధ్యలో ఉడికించిన గుడ్లు దాచి కాలుస్తారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘ఉత్తుత్తి కుందేలు’! వేటాడిన కుందేలు దొరకని ఇంట్లో దాని స్థానంలో ఇది. జర్మనీ నుంచి వలసవెళ్లి పెన్సిల్వేనియాలో స్థిరపడ్డవాళ్లు పంది మాంసం తునకలను మొక్కజొన్న పిండితో కలిపి దిమ్మగా చేసుకునేవారు. దాన్ని స్క్రాపుల్ అంటారు. అమెరికా మీట్‌లోఫ్‌కు పూర్వీకురాలు ఇదేనంటారు.

చేత్తో తిప్పే కైమా మిషన్లు ఇళ్లకు చేరాక పని తేలికైంది. 1929లో స్టాక్‌మార్కెట్ కుప్పకూలి, ఆ తర్వాత దశాబ్దమంతా ఉద్యోగాల్లేక జనం అల్లాడినప్పుడు మీట్‌లోఫ్ అసలు విలువ తెలిసొచ్చింది. ముగ్గురికి సరిపోయే మాంసంలో నిన్నటి బ్రెడ్డో, ఓట్సో, బిస్కెట్ల పొడో కలిపితే ఆరుగురు తినొచ్చు. రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. 1943 మార్చి చివర్లో అమెరికాలో మాంసానికి రేషన్ పెట్టారు. మళ్లీ మీట్‌లోఫే దిక్కయింది. యుద్ధం ముగిసి చేతిలో డబ్బులాడినా వంటకం మాత్రం పోలేదు. అలవాటైన రుచి మరి! ఆ తరం పిల్లలకు అది కరవు వంట కాదు, అమ్మ వంట.

అమ్మ చెప్పిన కథ

స్లో కుక్కర్ కథ మరీ చిత్రమైంది. దాని మూలం అమెరికాలో లేదు. లిథువేనియాలో ఓ యూదుల పేటలో ఉంది.

యూదులకు శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి దాకా సబ్బాతు. ఆ సమయంలో నిప్పు రాజెయ్యకూడదు, వంట చెయ్యకూడదు. మరి శనివారం మధ్యాహ్నం వేడివేడిగా తినాలంటే? దానికో ఉపాయం కనిపెట్టారు. మాంసం, చిక్కుడు గింజలు, బార్లీ, దుంపలు కుండలో వేసి శుక్రవారం పొద్దువాలకముందే ఊళ్లోని బ్రెడ్డు బట్టీకి పంపేవారు. బట్టీవాడు నిప్పు ఆపేసినా లోపలి వేడి తెల్లవార్లూ ఉండేది. ఆ సెగకు కుండ నిదానంగా ఉడికేది. మర్నాడు వెళ్లి తెచ్చుకునేవారు. ఆ వంటకం పేరు చోలెంట్.

అలా చిన్నతనంలో కుండ పట్టుకుని బట్టీకి వెళ్లిన ఓ అమ్మాయి పెద్దయ్యాక అమెరికాలో తన కొడుక్కి ఈ కథ చెప్పింది. ఆ కొడుకే ఇర్వింగ్ నాక్సన్. ఎలక్ట్రికల్ ఇంజినీరు. బట్టీ లేకుండా, నిప్పు లేకుండా, గిన్నె చుట్టూ తీగలు చుట్టి సన్నటి సెగ వచ్చేలా చేస్తే? 1936లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1940లో మంజూరైంది. తర్వాత దాన్ని ‘నాక్సన్ బీనరీ’ అంటూ చిక్కుళ్లు ఉడికించే గిన్నెగా అమ్మాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

1970లో కాన్సస్ సిటీకి చెందిన రైవల్ అనే కంపెనీ నాక్సన్ వ్యాపారాన్ని కొనేసింది. ఆ కొనుగోలులో ఈ గిన్నె కూడా ఓ మూల వచ్చింది. కంపెనీ వంటశాలలో దాంట్లో రకరకాల వంటలు చేసి చూశారు. చిక్కుళ్లే కాదు, ఏదైనా ఉడుకుతోంది! పేరు మార్చి, రంగులు వేసి, 1971లో ‘క్రాక్‌పాట్’ పేరుతో షికాగో ప్రదర్శనలో పెట్టారు. అమెరికన్ ఇల్లాళ్లు పెద్ద సంఖ్యలో ఉద్యోగాలకు వెళ్తున్న రోజులవి. వండే మనిషి బయట ఉన్నా వంట అయిపోతుందని ప్రచారం చేశారు. ఇంకేం కావాలి? మొదటి ఏడాది 20 లక్షల డాలర్లున్న అమ్మకాలు 1975కల్లా 9.3 కోట్ల డాలర్లకు చేరాయి. ఆ ఏడాదే మేబుల్ హాఫ్‌మన్ రాసిన స్లో కుక్కర్ వంటల పుస్తకం వచ్చి లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. చోలెంట్ పేరు తెలియని ఇళ్లలో కూడా చోలెంట్ గిన్నె చేరిపోయింది.

నిజానికి ఈ సూత్రం మనకు కొత్తేం కాదు. ఒకప్పుడు పల్లెల్లో పెరటి దాలిగుంటలో పిడకల సెగమీద పాలకుండ పెట్టి పొలానికి వెళ్లిపోయేవారు. సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి, రొట్టెలాంటి మీగడ కట్టేవి. ఆ పెరుగు రుచి ఎరిగినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇక 2010లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న హైదరాబాదీ హలీమ్ సంగతి చెప్పేదేముంది? కట్టెల బట్టీమీద గంటల తరబడి గోధుమా మాంసమూ కలిసి కరిగిపోవాల్సిందే. కూతల కుక్కర్ వచ్చాక మనం ఆ ఓపికను ఇంట్లోంచి పంపేశామంతే.

చేసేదెలా?

నలుగురైదుగురికి రెండు పౌన్లు, అంటే సుమారు 900 గ్రాముల కైమా కావాలి. అమెరికాలో ఎక్కువగా గొడ్డుమాంసం, లేదా దానికి పందిమాంసం కలిపి చేస్తారు. అవి తిననివాళ్లు టర్కీ కోడి కైమాతోనో, చికెన్, మటన్ కైమాతోనో చేసుకుంటారు. అక్కడి తెలుగిళ్లలో ఇవే నడుస్తాయి. అల్లంవెల్లుల్లి ముద్ద, పచ్చిమిర్చి, కొత్తిమీర, కాస్త గరంమసాలా కూడా పడిపోతాయి. పేరు మీట్‌లోఫే కానీ తింటే షామీ కబాబ్‌కు దూరపు చుట్టంలా ఉంటుంది. తప్పేం లేదు, అమెరికాలోనూ ఏ ఇంటి మీట్‌లోఫ్ ఆ ఇంటిదే.

ముందుగా ముప్పావు కప్పు పాలల్లో కప్పు బ్రెడ్డు పొడి వేసి పది నిమిషాలు నాననివ్వాలి. ఇది పొదుపు కోసమే అనుకుంటారు చాలామంది. కాదు. వేడి తగిలితే మాంసకృత్తులు ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుంటాయి, రసాన్ని బయటికి పిండేస్తాయి. నానిన బ్రెడ్డు వాటి మధ్యలో దూరి ఆ బిగువును అడ్డుకుంటుంది. బ్రెడ్డు లేని మీట్‌లోఫ్ ఇటుకలా అవుతుంది. రెండు గుడ్లు మాత్రం దీనికి ఉల్టా పని చేస్తాయి. దిమ్మ విడిపోకుండా పట్టి ఉంచుతాయి.

నానిన బ్రెడ్డులో గుడ్లు కొట్టి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఉప్పు, మిరియాలపొడి కలిపాక చివర్లో కైమా వెయ్యాలి. చపాతీపిండిలా పిసక్కూడదు. వేళ్లతో తేలిగ్గా కలిసీకలవనట్లు కలిపితే చాలు. ఎంత పిసికితే అంత గట్టిపడుతుంది. మన చెయ్యి ఊరుకోదు కానీ, ఇక్కడ ఊరుకోవాలి.

ఇప్పుడు అల్యూమినియం ఫాయిల్‌ను రెండుమూడు మడతలు వేసి పట్టీల్లా చేసి, గిన్నెలో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పరవాలి. కొసలు పైకి ఉండాలి. వీటిమీద కైమాను దిమ్మలా చేసి పెట్టాలి. గిన్నె గోడలకు తగలకుండా చుట్టూ వేలెడంత ఖాళీ వదలాలి. ఉడికాక ఆ కొసలు పట్టుకుని ఉయ్యాలలా పైకి లేపెయ్యొచ్చు. ఈ ఏర్పాటు లేకపోతే ఆరు గంటల కష్టం గరిటె దెబ్బకి పొడిపొడి అయిపోతుంది. బంగాళాదుంపలు, క్యారెట్లు వేసేట్లయితే వాటిని దిమ్మ కింద వెయ్యాలి. స్లో కుక్కర్లో మాంసంకన్నా దుంపలే ఆలస్యంగా ఉడుకుతాయి. నీళ్లు పొయ్యక్కర్లేదు. మాంసం నుంచి ఊరే రసమే ఎక్కువ.

‘లో’లో పెడితే అయిదారు గంటలు, ‘హై’లో అయితే మూడు నుంచి నాలుగు గంటలు. అయ్యాక పావు కప్పు కెచప్, రెండు చెంచాల బెల్లంపొడి, ఓ చెంచా ఆవపిండి ముద్ద కలిపి పైన పూయాలి. ఆ తర్వాతదే అసలు కిటుకు. స్లో కుక్కర్లో ఆవిరి మూతకు తగిలి నీళ్లై మళ్లీ కిందికే పడుతుంది. అందుకే దిమ్మ మెత్తగా ఉంటుంది కానీ పైన ఎర్రటి పొర కట్టదు. మాంసం ఎర్రబడి, ఆ కమ్మటి కాల్చిన వాసన రావాలంటే 140 డిగ్రీల సెల్సియస్‌కు పైన పొడి వేడి కావాలి. తడి గిన్నెలో అది ఎప్పటికీ రాదు. కాబట్టి దిమ్మను ట్రేలోకి తీసి ఓవెన్లో పై మంట కింద నాలుగైదు నిమిషాలు ఉంచాలి. కెచప్ బుడగలు వచ్చి నిగనిగలాడుతుంది. తీశాక పది నిమిషాలు ఆగి కొయ్యాలి.

ఉన్నమాట చెప్పాలంటే, స్లో కుక్కర్ పుట్టింది కైమా కోసం కాదు. కాలిమాంసం, మెడమాంసం లాంటి గట్టి ముక్కల కోసం. వాటిలోని నరాల్లాంటి భాగం గంటల తరబడి సన్నసెగమీద కరిగి జిగురవుతుంది. కైమాకు ఆ అవసరం లేదు. ఓవెన్లో గంటంబావులో అయిపోయే వంటకాన్ని ఆరు గంటలు వండటం రుచికోసం అనుకుంటే పొరపాటు. ఇంట్లో మనిషి లేని ఆ గంటలకోసమే.

మూత తియ్యొద్దు!

ఇక్కడే జాగ్రత్త పడాల్సింది కూడా. 1993లో అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో ఓ హాంబర్గర్ల దుకాణాల్లో సరిగ్గా ఉడకని కైమా తిని వందలమంది జబ్బుపడ్డారు. నలుగురు పసిపిల్లలు చనిపోయారు. కారణం ఇ.కొలి అనే బ్యాక్టీరియాలో ఓ ప్రమాదకరమైన రకం. ముక్కగా ఉన్న మాంసంలో సూక్ష్మజీవులు పైపైనే ఉంటాయి, పెనంమీద పడగానే చస్తాయి. కైమా కొట్టాక పైనున్నవి లోపలికీ చేరతాయి. అందుకే మీట్‌లోఫ్ సరిగ్గా నడిమధ్యన వేడి ఎంతుందన్నదే అసలు లెక్క. మేక, గొర్రె, గొడ్డు, పందిమాంసం కైమా అయితే 71 డిగ్రీల సెల్సియస్, కోడి, టర్కీ అయితే 74 డిగ్రీలు చేరాలన్నది అమెరికా వ్యవసాయశాఖ మాట. రంగు చూసి చెప్పడం కుదరదు. లోపల గులాబీరంగు పోయినా వేడి చాలకపోవచ్చు. గుచ్చి చూసే చిన్న థర్మామీటర్ ఉంటే సందేహమే ఉండదు.

ఆహారం 4 నుంచి 60 డిగ్రీల మధ్య ఎంతసేపు ఉంటే సూక్ష్మజీవులకు అంత పండగ. స్లో కుక్కర్ వేడెక్కేదే నిదానం. కాబట్టి ఫ్రీజర్లోంచి తీసిన గడ్డ కైమాను నేరుగా అందులో పెట్టకూడదు. ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లోకి మార్చుకోవాలి. గిన్నె సగానికి తగ్గకుండా, మూడింట రెండొంతులకు మించకుండా ఉండాలి. ఉడికిందో లేదో చూద్దామని మూత తీస్తే దాచుకున్న వేడంతా పోతుంది. తీసిన ప్రతిసారీ వంట సమయానికి 20 నుంచి 30 నిమిషాలు కలుపుకోవాల్సిందే. గరిటె పెట్టి కలపందే తోచని మనవాళ్లకు ఇదే పెద్ద పరీక్ష!

పాత కుక్కర్ సరిగ్గా వేడెక్కుతోందా అన్న అనుమానం ఉంటే సగానికి నీళ్లు పోసి ‘లో’లో ఎనిమిది గంటలు ఉంచి, మూత తీసిన వెంటనే కొలవాలి. 85 డిగ్రీలు దాటితే ఫరవాలేదు. అంతకు తక్కువైతే దాన్ని వాడకపోవడం మంచిది.

రాజ్మా వండేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. పచ్చి రాజ్మా గింజల్లో ఓ విషపదార్థం ఉంటుంది. బాగా మరిగితేనే పోతుంది. స్లో కుక్కర్ సెగ దానికి చాలదు. నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, వేరే గిన్నెలో అరగంట తెర్లేలా మరిగించాకే ఇందులో వెయ్యాలి. చిక్కుళ్ల గిన్నెగా పుట్టినదానికి ఈ గింజే పడకపోవడం విచిత్రమే.

మరి మనిషి లేని ఇంట్లో మీట వేసి వెళ్తే నిప్పంటుకోదా? 2018లో ఓ అమెరికన్ టీవీ సీరియల్లో పాత స్లో కుక్కర్ మీట పాడై ఇల్లు తగలబడి కథానాయకుడు పోయినట్లు చూపించారు. ప్రేక్షకులు ఏడ్చి ఊరుకోలేదు, ఇంట్లో గిన్నెలు బయట పారేస్తామన్నారు. కంపెనీ దిగొచ్చి అలా జరగదని వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. నిజానికి ఇది లాగే కరెంటు తక్కువ. మామూలు సైజుది 250 వాట్లు దాటదు. ఇస్త్రీపెట్టెలో నాలుగోవంతు. అయినా తీగ తెగినా, ప్లగ్గు వదులైనా వాడకూడదు. గోడకూ దానికీ కాస్త ఎడం ఉంచాలి.

సూట్‌కేసులో తెచ్చుకుంటే...

అమెరికా నుంచి తిరిగొచ్చేటప్పుడు ముచ్చటపడి ఈ గిన్నెను బట్టల మధ్య చుట్టి తెచ్చుకునేవాళ్లున్నారు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. ప్లగ్గు మార్చే చిన్న బిళ్ల వోల్టేజీని మార్చదు. వేడిగిన్నెకు వోల్టేజీ దాదాపు రెట్టింపైతే వేడి రెట్టింపు కాదు, మూడున్నర రెట్లు దాటుతుంది. లోపలి తీగ మాడిపోవచ్చు, నిప్పే రావచ్చు. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ ఉంటేనే దాన్ని వాడాలి. ఆ ఖర్చుకన్నా 230 వోల్టులకు తయారైనది ఇక్కడ కొనుక్కోవడమే నయం.

ఇంకో చిక్కు కరెంటు కోత. ఇంట్లో ఉండగా పోతే పర్వాలేదు, వెంటనే గ్యాస్ పొయ్యిమీదకు మార్చి పూర్తిగా ఉడికించెయ్యొచ్చు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పోయి, ఎంతసేపు పోయిందో తెలియకపోతే మాత్రం చూడటానికి ఉడికినట్లే ఉన్నా పారెయ్యాల్సిందే. కేజీ మటన్ ధర తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది. పిల్లలకు పెట్టేది కదా, తప్పదు. కోతలున్న చోట దీన్ని ఆదివారాలకే పరిమితం చేసుకోవడం మేలు. ఇంట్లో మనిషి ఉంటారు, పొయ్యీ ఉంటుంది.

మిగిలిన దిమ్మను రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. మూడు నాలుగు రోజులు ఉంటుంది. మళ్లీ వేడి చెయ్యాలంటే స్లో కుక్కర్ పనికిరాదు, దాని నిదానం ఇక్కడ చేటు. పెనమో, మైక్రోవేవో వాడాలి. అమెరికన్లలో చాలామంది అసలు వేడే చెయ్యరు. చల్లటి మీట్‌లోఫ్‌ను వేలిమందాన కోసి, రెండు బ్రెడ్డు ముక్కల మధ్య పెట్టి, ఇంకాస్త కెచప్ వేసుకుని మర్నాడు ఆఫీసుకు పట్టుకెళ్తారు. కొందరైతే ఆ శాండ్‌విచ్ కోసమే ముందురోజు మీట్‌లోఫ్ వండుతామంటారు. మన ఇళ్లలో అయితే అదే ముక్కను పెనంమీద కాస్త నూనెతో రెండువైపులా ఎర్రగా కాల్చి, నిమ్మకాయ పిండి, పచ్చి ఉల్లిపాయ చక్రాలతో పప్పన్నంలోకి నంజుకోవచ్చు.